నలభై సరుగుడు మొక్కలు

ఆ తాళంచెవి దొరక్కపోతే సయీదా ఇద్దత్తు క్లేటన్‌లోని అద్దె ఇంట్లోనే, కిటికీ తెర దించుకుని, ఎవరి కంటా పడకుండా గడిచిపోయేది. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు, తప్పనిసరి పనుంటే తప్ప గడప దాటకూడదు. రజాక్ జనవరి పంతొమ్మిదిన పోయాడు. ఆఫీసు మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు, అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇదేం పోయే వయసా! వీసా అతని పేరున ఉంది గనక ఏప్రిల్ నెలాఖరులోగా సయీదా, ఎనిమిదేళ్ళ కూతురు అలీజా ఆస్ట్రేలియా వదిలి వెళ్ళాలి. మిగిలిన ఇద్దత్తు చీరాలలో అన్న ఇంట్లో. టికెట్లు కూడా వచ్చేశాయి.

ఏప్రిల్ మొదటి వారంలో రామానుజం వచ్చాడు. రజాక్ పక్క సీటులో పనిచేసేవాడు, నెల్లూరు మనిషి, ఉల్లిపాయ కూడా ముట్టని వైష్ణవుడు. ఆఫీసులో రజాక్ సొరుగు ఖాళీ చేసి, ఉన్నదంతా ఓ అట్టపెట్టెలో సర్ది తెచ్చాడు. కాఫీ కప్పు, అలీజా ఫొటో, జపమాల, అడుగున ఒక తాళంచెవి. దానికి కట్టిన చెక్కబిళ్ళ మీద ఎర్రటి ద్రాక్షగుత్తి బొమ్మ, కింద వైను తయారుచేసే ఒక వైనరీ పేరు.

ఆ గుత్తిని సయీదా చూడగానే గుర్తుపట్టింది. ఆమెకది కొత్త కాదు. మూడు నెలల కిందట అదే గుత్తి ఉన్న డజను సీసాలను తన చేతుల్తో చెత్తలో వేసింది.

సంగతి మొదట్నుంచీ చెప్పాలి. కిందటి ఆగస్టులో రజాక్ తల్లి మస్తాన్‌బీ చీరాలలో పోయింది. అప్పుడు ఆఫీసులో ఎవరికీ సెలవుల్లేవు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక తలకిందులవుతాయని లోకమంతా వణికిపోతున్న రోజులు. జనవరి దాటేదాకా కదలడానికి వీల్లేదు, కదిలితే మళ్ళీ రానక్కర్లేదన్నారు. రజాక్ కదల్లేదు. తల్లిని ఎవరో మోశారు, ఎవరో మట్టి వేశారు. ఆ మస్తాన్‌బీ సయీదాకి ఊరికే అత్త కాదు, సొంత మేనత్త. నాలుగేళ్ళప్పుడు తల్లి చచ్చిపోతే చంకనేసుకుని పెంచింది. ఫోను వచ్చిన రాత్రి సయీదా గోడకి తల బాదుకుని ఏడ్చింది. రజాక్ ఏడవలేదు, మాట్లాడలేదు. అసలే పొదుపు మాటల మనిషి, ఆ రోజు నుంచి మరీ మూగయిపోయాడు.

సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం "కొంచెం పనుంది" అని కారేసుకుని పోయేవాడు. ఏం పనో చెప్పేవాడు కాదు. డిసెంబరులో, అక్కడి నడి ఎండాకాలంలో, రంజాన్ మొదలైంది. ఉపవాసంతోనే వెళ్ళి, పొద్దు గుంకేవేళకి అలసిపోయి వచ్చేవాడు. చొక్కాకి పులిసిన ద్రాక్ష వాసన. కారులోనూ అదే. సయీదా మొదట తన ముక్కుని అనుమానించింది, తర్వాత మొగుణ్ణి అనుమానించింది. దిగులు పెట్టుకున్న మగాళ్ళు చివరికి ఎక్కడ తేలతారో ఆమె చూడనిది కాదు. పండగైన మూడో రోజున గరాజ్‌లో బకెట్టు వెనక డజను వైను సీసాలు కనబడ్డాయి. ఖాళీవి. లేబుళ్ళ మీద ఎర్ర గుత్తి. చేతికి గ్లవుజులు తొడుక్కుని, ఒక్కోదాన్నీ పాత పేపర్లో చుట్టి పారేసింది.

అడగొచ్చుగా అంటారు మీరు. అడగలేదు. రంజాన్ నెలలో తాగావా అని కట్టుకున్నవాణ్ణి ఏ నోటితో అడుగుతారు? అసలు అప్పటికే నెల్నాళ్ళుగా అతనితో మాటలు తగ్గించేసింది. పండగ రోజు షీర్‌ఖుర్మా గిన్నె ముందుపెట్టి పక్కకి వెళ్ళిపోయింది. "ఇంకొంచెం వెయ్యవా" అంటే, "అక్కడే ఉంది, వేసుకో" అంది.

సీసాలు పారేశాక వచ్చిన శనివారం రజాక్ గరాజ్‌లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇక్కడ సీసాలుండాలి..."

"పారేశా."

ఎందుకని అతను అడగలేదు. ఏం సీసాలని ఆమె అడగలేదు. "సరే" అన్నాడు. అంతే. మౌనమే అర్ధాంగీకారమంటారు, ఇక సరే అన్నాక ఇంకేం మిగిలింది అనుకుంది సయీదా. బుధవారం నాడు పోయాడు.

శవం దగ్గర మెహ్విష్ ఆంటీ ఆమె భుజం పట్టుకుని, "ఆయన వల్ల తప్పులేమన్నా జరిగుంటే మాఫ్ చేశానని మూడుసార్లు అనమ్మా, తేలిగ్గా పోతాడు" అంది. ఆ వీధిలో మనవాళ్ళ చావుకీ పుట్టుకకీ ఆవిడే పెద్ద. సయీదా మూడుసార్లూ అంది. మాట గొంతులోంచి వచ్చింది గానీ గుండెలోంచి రాలేదు. అప్పట్నుంచీ నమాజు ముగించి అతని కోసం చేతులెత్తిన ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది. తాగినవాడి కోసం అడుగుతున్నానా, తాగనివాడి కోసం అడుగుతున్నానా? ఆ ఒక్కటీ తేలకుండా విమానమెక్కితే ఇక బతికినన్నాళ్ళూ తేలదు. అందుకే ఆ తాళంచెవి గుప్పెట్లో పట్టుకుని రామానుజాన్ని అడిగింది.

"అన్నా, నన్ను ఒకసారి ఇక్కడికి తీసుకెళ్తారా?"

మెహ్విష్ ఆంటీ ఒంటికాలి మీద లేచింది. "ఇద్దత్తులో కొండలూ గుట్టలూ ఏందే తల్లీ! నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"ఇది అమానత్ ఆంటీ. ఒకళ్ళ సొత్తు మన దగ్గరుంది. అప్పజెప్పకుండా దేశం దాటితే ఆయన మెడకే కదా చుట్టుకునేది."

ఆంటీ సరేనంది. సయీదా చెప్పింది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు.

శనివారం పొద్దున్నే రామానుజం కారులో బయల్దేరారు. గంటన్నర ప్రయాణం. ఊళ్ళు పలచబడి, పచ్చిక బీళ్ళు వచ్చి, ఆ తర్వాత కొండ కనబడింది. కొండవాలు సగం దాకా ద్రాక్షతోట. కోతలైపోయి ఆకులు ఎర్రబారి ఉన్నాయి. తోట కంచెకి ఆవలి నుంచి శిఖరం దాకా అడవి. అది ప్రభుత్వం కాపాడుతున్న అడవి అనీ, లోపల నడక దారులున్నాయనీ దారిలో బోర్డు చెబుతోంది.

"రజాక్‌కి ట్రెక్కింగ్ అలవాటుందని నాకెప్పుడూ చెప్పలేదమ్మా," అన్నాడు రామానుజం. "లంచ్‌లో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం, ఏడాదిన్నర. ఒక్క ముక్క అనలేదు."

"నాకూ అనలేదన్నా."

వైనరీ అంటే పెద్ద రేకుల షెడ్డు, ముందు చిన్న గది. తలుపు తియ్యగానే ఆ వాసన గుప్పున కొట్టింది. అలీజా తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మా, దిస్ ఈజ్ నాన్నాస్ స్మెల్!"

సయీదా గుమ్మంలోనే ఆగింది. ఇక అడిగేదేముంది, వెనక్కి పోదామా అనిపించింది ఒక్క క్షణం.

లోపలి నుంచి ఓ పెద్దావిడ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, నెత్తిన టోపీ. పేరు షర్లీ, తోట ఆవిడదే. రామానుజం తాళంచెవి చూపించాడు. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఇది రజ్‌ది! ఏడీ మనిషి? జనవరి నుంచి జాడే లేదు."

రామానుజం మెల్లగా చెప్పాడు. షర్లీ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. సయీదా కప్పుకున్న తెల్ల దుపట్టానీ, పక్కనున్న పిల్లనీ అప్పుడు చూసింది ఆవిడ. దగ్గరికొచ్చి సయీదా చెయ్యి రెండు చేతుల మధ్య పట్టుకుంది. నిదానంగా మాట్లాడితే సయీదాకి ఇంగ్లీషు బాగానే తెలుస్తుంది, తిరిగి మాట్లాడటమే తడబాటు.

"అన్నా, ఆమెను ఒక్కటి అడగండి. ఆయన ఇక్కడ తాగేవాడా అని."

రామానుజం ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? పోయినాయన..."

"అడగండన్నా. చెబితే మానం పోద్ది, చెప్పకపోతే ప్రాణం పోద్ది అన్నట్టుంది నా బతుకు. అడగండి."

అతను నేల చూపులు చూస్తూ అడిగాడు. షర్లీకి ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"తాగడమా? రజ్? వైను మాట దేవుడెరుగు, డిసెంబరులో మంచినీళ్ళ గ్లాసిస్తే కూడా పుచ్చుకోలేదు. అంత ఎండలో, చెమటలు కారిపోతూ. పొద్దు గుంకాక తాగుతానన్నాడు. నాకు భయమేసి నీడలో కూర్చోబెట్టేదాన్ని."

సయీదా గోడకి ఆనుకుంది. మూడు నెలలుగా గుండె మీద కూర్చున్న బరువు దిగింది. "అల్హమ్దులిల్లా" అంది పైకే. కానీ మరి సీసాలు? ఆ వాసన? తాగనివాడు వారం వారం సారా కొట్టుకి ఎందుకొచ్చినట్టు?

"రండి, చూపిస్తాను," అంది షర్లీ, చేతికర్ర తీసుకుంటూ.

తోట చివర నీళ్ళ ట్యాంకు, దాని పక్కన కొళాయి, కొళాయి పక్కన కంచెలో చిన్న గేటు. తాళంచెవి ఆ గేటుది. అవతల అడుగుపెడితే అడవి. సన్నటి కాలిదారి వంకర్లు తిరుగుతూ పైకి పోతోంది. నీలగిరి చెట్ల బెరడు రాలి కాళ్ళ కింద కరకరమంటోంది. షర్లీ ఆగి ఆగి నడుస్తూ, ఆగినప్పుడల్లా కొంచెం చెప్పింది.

"సెప్టెంబరులో ఓ శనివారం ఒంటరిగా నడవడానికొచ్చాడు. ఆ రోజు మా వాలంటీర్లు మొక్కలు నాటుతున్నారు. ఈ వాలు ఒకప్పుడు తగలబడింది, మళ్ళీ అడవి చెయ్యాలని. ఒక మనిషి ఎన్ని నాటొచ్చు అని అడిగాడు. నీ ఓపిక అన్నారు. నాకు నలభై కావాలన్నాడు. ఎందుకయ్యా సరిగ్గా నలభై అంటే నవ్వి ఊరుకున్నాడు."

సయీదాకి తెలుసు. చెప్పకపోయినా తెలుసు. ఆ సెప్టెంబరులోనే చీరాలలో మస్తాన్‌బీ నలభయ్యో దినం చేశారు. కొడుకు లేకుండా చేశారు.

ఆఖరి మలుపు తిరిగేసరికి వాలు కనబడింది. నాలుగు వరసల్లో మొక్కలు, మోకాలెత్తువి, సూదుల్లాంటి సన్నటి ఆకులు. షర్లీ ఏదో పేరు చెప్పింది గానీ సయీదాకి ఆ పేరుతో పనిలేదు. అవి సరుగుళ్ళే. చీరాల సముద్రపు ఒడ్డున, తమ శ్మశానం చుట్టూ ఉండే సరుగుళ్ళకి ఇవి చెల్లెళ్ళు. గాలి తగిలితే చేసే చప్పుడు కూడా అదే.

కింది వరసల్లో మొక్క మొక్క పక్కనా ఒక గాజు సీసా తలకిందులుగా మట్టిలో గుచ్చి ఉంది.

"వై ఆర్ దే అప్‌సైడ్ డౌన్?" అంది అలీజా.

"నీళ్ళమ్మా," అంది సయీదా. "కొంచెం కొంచెం దిగుతాయి వేళ్ళలోకి. మీ నాయనమ్మ కుండకి చిల్లిపెట్టి, గుడ్డ వత్తి దూర్చి ఇట్టాగే పెట్టేది. మన ఇసుకలో అట్టాగైతేనే మొక్క బతికిద్ది."

ఎండాకాలంలో ఎవరి మొక్కలకి వాళ్ళే నీళ్ళు మోసుకోవాలన్నారట. ట్యాంకు నుంచి నింపుకోమని షర్లీ గేటు తాళంచెవి ఇచ్చింది. సీసాలు కూడా ఆవిడ దగ్గరివే, రుచి చూడ్డానికొచ్చినవాళ్ళు ఖాళీ చేసినవి. అడుగున మిగిలిన వైను ఒంపేటప్పుడు చొక్కా మీద పడేది, కారులో ఒలికేది.

"ఒక్కటే నాకర్థం కాలేదు," అంది షర్లీ. "డజను చొప్పున ఇంటికి పట్టుకెళ్ళి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, లేబుళ్ళు గీకి తెచ్చేవాడు. మట్టిలో గుచ్చేదానికి ఏ లేబులుంటే ఏం?"

సయీదాకి అదీ అర్థమైంది. తల్లి పేరున పెట్టిన చెట్టు పక్కన సారా గుర్తు ఉండకూడదు. ఇంట్లో చెప్పకపోవడమూ అర్థమైంది. మస్తాన్‌బీ మాటే అది: చేసిన పుణ్యం నోటితో చెప్పుకుంటే అక్కడికక్కడే ఖర్చయిపోతుందనేది. ఆవిడదే ఇంకో మాట ఉంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారే అమ్మాయ్, లోకాన్ని నమ్మబోకు అనేది. ఆ లోకమంటే ఎవరో అనుకుంది సయీదా ఇన్నాళ్ళూ. తనే.

అలీజా వరసల మధ్య పరిగెత్తి లెక్కపెట్టొచ్చింది. "అమ్మా, ఓన్లీ ట్వెంటీ ఎయిట్ బాటిల్స్!"

పై వరసలో పన్నెండు మొక్కల పక్కన సీసాల్లేవు. అవి మొక్కలు కూడా కావిప్పుడు. ఎండిన పుల్లలు.

"నాలుగు వారాలు నేనే తిరిగి సీసాలన్నిట్లో నీళ్ళు పోశాను," అంది షర్లీ, తప్పు తనదైనట్టు. "తర్వాత ద్రాక్ష కోతలొచ్చాయి. సీసాలున్నవి ఎలాగో ఆగాయి. ఈ పన్నెండూ జనవరి ఎండకి మాడిపోయాయి. వీటికి సీసాలు ఇంట్లో ఉన్నాయి, కడిగి తెస్తానన్నాడు. ఆఖరి శనివారం చూస్తే ఖాళీ చేతులతో వచ్చాడు. ఏవయ్యా అంటే, పారేశారు, ఫర్వాలేదన్నాడు. రెండు బకెట్లతో పదిసార్లు దిగి ఎక్కి ఈ వరసకి పోశాడు. పోసి ఇదిగో, ఈ రాయి మీద కూర్చున్నాడు. రంగు బాగాలేదు, ఏమైంది రజ్ అన్నాను."

షర్లీ చెప్పాలా వద్దా అన్నట్టు సయీదా వైపు చూసింది.

"చెప్పండి," అంది సయీదా ఇంగ్లీషులో.

"నా భార్య నాతో మాట్లాడటం లేదన్నాడు. ఎందుకని అడిగాను. ఆమెను పెంచింది మా అమ్మ, నేను మా అమ్మని మట్టి చెయ్యడానికి వెళ్ళలేదు, ఆమె కోపం న్యాయమే అన్నాడు. ఇవి కాస్త ఎదగనీ, తీసుకొచ్చి చూపిస్తాను, అప్పుడన్నా మాట్లాడుతుందేమో అన్నాడు."

రామానుజం తెలుగులో చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పాల్సిన అవసరం లేదు. సయీదా నేల మీద కూలబడింది.

"కాదు బావా," అంది. "దానిక్కాదు. దానికి నీ మీద నాకెప్పుడు కోపమొచ్చింది? దానిక్కాదు బావా!"

ఆ కొండ మీద ఆ మాట వినవలసినవాడు తప్ప అందరూ విన్నారు. రామానుజం లోయ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అలీజా తల్లి మెడ చుట్టూ చేతులేసి, ఎందుకో తెలియకుండానే ఏడ్చింది. నోరిచ్చిన దేవుడు ఇద్దరికీ ఇచ్చాడు. ఒక్క ప్రశ్న, గట్టిగా అంటే నాలుగు ముక్కలు. అడిగుంటే పోయేది. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు, ఒకే కప్పు కింద నెల్నాళ్ళు ఒకరి మౌనాన్ని ఒకరు తప్పుగా చదువుకున్నారు. అందులో ఒకడు ఆ తప్పు చదువుతోనే పోయాడు.

చాలాసేపటికి సయీదా లేచి కిందికి నడిచింది. కొళాయి దగ్గర ఖాళీ సీసాల పెట్టె ఉంది. పన్నెండు ఏరింది. గ్లవుజులు అడగలేదు. అడుగున మిగిలిన వైను ఒంపి, కడిగి, కొళాయి కింద తడిపి, ఎర్ర గుత్తి లేబుళ్ళని గోళ్ళతో గీకింది. గోళ్ళ సందుల్లోకి జిగురు ఎక్కింది. దుపట్టాకి ఆ వాసన అంటింది. షర్లీ సాయం రాబోతే వద్దని తలూపింది.

గేటు దగ్గర తాళంచెవి షర్లీకి ఇవ్వబోయింది. రామానుజం చెయ్యి చాచాడు.

"నాకివ్వమ్మా. శనివారాలు నాకేం పని? ఆ ఇరవై ఎనిమిదీ నేను చూసుకుంటా. చలికాలం వస్తే ఈ పై వరస మళ్ళీ నాటిస్తా. ఆయన లెక్క నలభై కదా."

సయీదా తాళంచెవి అతని చేతిలో పెట్టింది. నింపిన సీసాలని బుట్టల్లో పెట్టుకుని మళ్ళీ పైకెక్కారు. ఎండిన పుల్ల పక్కన మట్టి తవ్వి మొదటి సీసా గుచ్చుతుంటే రామానుజం మెల్లగా అన్నాడు, "అవి పోయాయమ్మా."

"తెలుసన్నా," అంది. పన్నెండూ గుచ్చింది.

పొద్దు వాలే వేళ చదివే అసర్ నమాజుకి వేళయింది. కొళాయి నీళ్ళతో ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే వచ్చింది గనక, రజాక్ కూర్చున్న రాయి పక్కనే దుపట్టా సర్దుకుని పడమటికి తిరిగి నిలబడింది. నమాజయ్యాక చేతులెత్తింది. ఈసారి మాట ఆగలేదు. ఆ రోజు శవం ముందు నిలబడి పెద్దరికంగా మాఫ్ చేశానంది తను, మూడుసార్లు. ఇవాళ మాఫ్ చెయ్యి బావా అని అడిగింది. అదీ మూడుసార్లు అడిగింది. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి, దేవుడు కూడా మధ్యలోకి రాడంటారు. మూడోసారి అడిగాక, జవాబు వచ్చేదాకా ఉండాలన్నట్టు, చేతులు దించకుండా అలాగే కూర్చుంది.